రెండు వందల కత్తులు

జనవరి 9

తమ్ముడూ,

నువ్వు పంపిన పార్శిల్ చేరింది. అందరం బాగున్నాం అని రాయాల్సిన చోట ఈ ఒక్క మాట రాసి ఊరుకుంటున్నాను. ఆ పార్శిల్ విప్పిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ బాగా లేరు.

త్రాసులు చేసే ఇంటికి ఎలక్ట్రానిక్ త్రాసు కానుకగా పంపాలని నీకెలా తోచిందయ్యా? ఆవిడ దాన్ని వంటింటి గట్టు మీద పెట్టుకుని కంటికి కనిపించినవన్నీ తూస్తున్నారు. బంగాళాదుంపలు అయ్యాయి, తాళాల గుత్తి అయింది, మందుబిళ్లలు అయ్యాయి. నిన్న నా కళ్లజోడు నా ముక్కు మీంచే లాక్కుని తూచి, "ఇరవై ఎనిమిది గ్రాములు! చిన్నల్లుడు పంపింది చూడు, తడుముకోకుండా చెప్పేస్తుంది" అన్నారు. ఆవిడ భర్త జీవితమంతా త్రాసులే చేశారు. ఆయన కార్ఖానాలో నేను ఇరవై ఏడేళ్లుగా అదే పని చేస్తున్నాను. నా త్రాసులో ఒక్క దుంప వేసి 'బాగుంది నాయనా' అన్న పాపాన పోలేదు.

ఆ పెట్టె అంకె చూపిస్తుంది, సరే. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమను. నా త్రాసు అబద్ధమాడితే ముల్లు పక్కకు పోతుంది, చంటిపిల్లకైనా తెలిసిపోతుంది. దాని పొట్టలో అబద్ధం ఉంటే ఎవరికి తెలియాలి? ఈ కాలంలో వస్తువులన్నీ ఇలాగే తయారయ్యాయి. లోపల ఏముందో చూడొద్దు, నమ్ము అంటాయి. అందుకే ఒకే దుంపను దాని మీద పదిసార్లు పెట్టి చూశాను. పదిసార్లూ ఒకే అంకె వచ్చింది. నిజం చెబుతున్నాను, అదే నా కడుపుమంట.

ఇక్కడ పనికి తీరిక లేదు. బడుల ప్రయోగశాలలకు అరవై త్రాసులు మార్చి ఆఖరుకల్లా ఇవ్వాలి. మూడేళ్లలో ఇంత పెద్ద ఆర్డర్ రాలేదు. ఇది కూడా చేజారితే కార్ఖానా మూసేసి, నువ్వు పంపిన దానిలాంటి పెట్టెలు తెచ్చి అమ్ముకోమని మీ వదిన ఇప్పటికే చెప్పేసింది. అడ్డకడ్డీలు పోత పోయించాను, పళ్లాలు సిద్ధం. ఒక్క కత్తులే రావాలి. కడ్డీ ఊగే ఉక్కు అంచుల్ని మనం కత్తులనే వాళ్లం, నీకు గుర్తుండే ఉంటుంది. సానబట్టే ముసలాయన పని మానేశాక వాటిని పైదేశం నుంచి తెప్పిస్తున్నాను. నీ సుంకాల ఆఫీసున్న రేవులోనే దిగుతాయి.

వాణిజ్య మంత్రి నిన్న రేడియోలో మాట్లాడాడు. పైదేశపు సరుకు మన పనివాళ్ల నోళ్లు కొడుతోందట, అందుకని సుంకాలు పెంచుతాడట. అత్తగారు మొత్తం విని, "దీని మీద చిన్నల్లుడు ఏమంటాడో" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు 'సరిగా వినపడటం లేదన్నయ్యా' అని జారుకుంటావు. కాగితానికి ఆ సౌకర్యం లేదు.

ఇట్లు,
ఇప్పటికింకా పెద్దల్లుడే అయిన
మీ అన్నయ్య


జనవరి 17

పూజ్యులైన అన్నయ్యగారికి,

మీ ఉత్తరం ఆఫీసు క్యాంటీన్‌లో చదువుతూ పైకి నవ్వేశాను. పక్క బల్ల వాళ్లు ఎవరు రాశారని అడిగారు. మా తోడల్లుడు, నోటితో మాట్లాడితే తిట్లు, కాగితం మీద పెడితే సాహిత్యం అని చెప్పాను. మీ మరదలు మిమ్మల్ని అడిగానని రాయమంది.

త్రాసు సంగతి. అత్తయ్యగారు కిందటిసారి ఫోనులో చిన్న ముల్లు కనపడటం లేదన్నారు. అంకెలు పెద్దవి ఉంటాయి కదా అని పంపాను, అంతే. మీ మనసు నొప్పిస్తుందని తోచలేదు. తోచి ఉండాల్సింది.

సుంకాల మీద నా అభిప్రాయం అత్తయ్యగారికి చెప్పండి. ఇరవై నాలుగేళ్లుగా ఈ కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆరుసార్లు పెంచారు, అయిదుసార్లు తగ్గించారు. పెంచినప్పుడు దేశభక్తి అన్నారు, తగ్గించినప్పుడు ప్రగతి అన్నారు. కిటికీ ముందు వరుస మాత్రం ఎప్పుడూ అంతే. పైన కూర్చున్న వాళ్లు దాన్ని విధానం అంటారు. మాకు మాత్రం పుస్తకంలో పేజీ చించి కొత్త పేజీ అంటించడం. ఈసారి అంచున్న పనిముట్లన్నిటి మీద పడ్డారు. అవి చేసే దేశంతో మనకు ఏదో తగువు వచ్చింది. ఇక మీదట కత్తి, బాకు, కత్తెర ఏది దిగినా అనుమతి కావాలి, మూడింతల సుంకం కట్టాలి.

పైగా మాకు కొత్త యంత్రం వచ్చింది. కాగితాల మీద మాటలు చదివి, ఫొటో చూసి, ఏ సరుకు ఏ తరగతిలోకి వస్తుందో చెబుతుంది. దాన్ని చూసుకోవడానికి ఒక ఇంజనీరమ్మను కూడా పెట్టారు. మా వాళ్లు దాన్ని దేవుడిలా చూస్తున్నారు. నేను అనుమానంగానే చూస్తున్నాను. అందుకే చెబుతున్నాను, మీ సరుకు కాగితాల మీద 'కత్తులు' అని రాయించకండి. 'త్రాసు భాగాలు, క్షురధారలు' అని పుస్తకాల్లో ఉండే మాట రాయించండి. ఒక్క మాటతో పోయే దానికి తలనొప్పి ఎందుకు?

మీరు అదృష్టవంతులు అన్నయ్యా. సాయంత్రమయ్యేసరికి మీ చేతిలో ఒక వస్తువు ఉంటుంది. నా చేతిలో సంతకం చేసిన కలం ఉంటుంది.

మీ
తమ్ముడు


జనవరి 25

తమ్ముడూ,

అత్తగారు నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నారు. మూడోసారి 'పేజీ చించి పేజీ అంటించడం' దగ్గర ఆగి, "ఎంత బాగా చెప్పాడో" అని దిండు కింద పెట్టుకున్నారు. రెండు వారాల కిందట నేను ఇదే సుంకాల గురించి భోజనాల దగ్గర గంటసేపు మాట్లాడాను. మజ్జిగ పోయమని నా మాటకు అడ్డం వచ్చారు.

ఇప్పుడు క్షురధార సంగతి. నువ్వు రాసిన మాట కార్ఖానాలో చదివి వినిపించాను. మా పాలిష్ చేసేవాడు ఏదో మందు పేరనుకున్నాడు. మామయ్యగారు జీవితంలో ఒక్కసారైనా ఆ మాట అన్నారా? 'కత్తి కూర్చుందా?' అనేవారు. 'కత్తి బాగుంటే త్రాసు బాగుంటుంది' అనేవారు. ఆర్డర్ కాగితం మీద ఆయన రాసినట్టే నేనూ నా చేత్తో రాశాను: కత్తులు, రెండు వందలు. నీ యంత్రానికి తెలుగు రాకపోతే నేర్పించుకోండి. దానికోసం నేను నా భాష మార్చుకోను.

బుర్ర ఉందని మీరంతా మురిసిపోయే ఆ యంత్రం, ఉల్లిపాయ కూడా తెగని మూడు పలకల ఉక్కు ముక్కను చూసి భయపడుతుందా? మంత్రి చూస్తే, దేశంలో వస్తువులు చేసేవాణ్ణి కాపాడతానంటాడు. దేశంలో వస్తువులు చేసేవాణ్ణి నేనే కదా. నన్ను కాపాడటానికి నా ముడిసరుకే ఆపుతారా? ఇలాంటి రక్షణ నా శత్రువుకు కూడా వద్దు.

నీ మీద నాకు కోపం లేదు, జాలి. రెండేళ్లు నా పక్క బల్ల దగ్గర కూర్చుని పని నేర్చుకున్నవాడివి, ఆ మాటే మర్చిపోయావు. మర్చిపోయేవాడివి వెళ్లిపోవడమే మంచిదైంది. మామయ్యగారు తన పనిముట్ల పెట్టెను మనిషిని చూసే అప్పగించారు.

అదృష్టవంతులు అని రాశావు. నెల తిరిగేసరికి జీతం పడే మనిషి రాయాల్సిన మాట కాదది.

మీ
అన్నయ్య


ఫిబ్రవరి 12

తమ్ముడికి,

ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసు కాగితం నకలు పెడుతున్నాను. నువ్వు చూసే ఉంటావు. అయినా పెడుతున్నాను.

"కత్తులు, సంఖ్య రెండు వందలు, అనుమతి లేదు, సరుకు నిలిపివేయడమైనది." కింద ఎవరిదో గీతలాంటి సంతకం.

అది నీ సంతకమా?

నాకు తిరుగుడు మాటలు రావు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. మీ రేవులో సరుకు పరీక్షించే అధికారులు నలుగురని నువ్వే ఒకసారి అన్నావు. ఆ నలుగురిలో కత్తి అంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు పక్క గదిలో కూర్చుని టీ తాగుతుంటే మిగతా ముగ్గురూ నా కత్తుల్ని రౌడీల సామాను కింద రాసేశారని నన్ను నమ్మమంటావా?

నీకు నా మీద అక్కసు ఉందని నాకు ఎప్పుడో తెలుసు. కార్ఖానా నాకొచ్చిందని. పనిపెట్టె నాకొచ్చిందని. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడల్లా నా బల్ల మీద పనిముట్లు ఒక్కొక్కటీ తీసి చూసి, ఉన్న చోట పెట్టకుండా వేరే చోట పెట్టి వెళతావు. నేను కళ్లు మూసుకుని ఉన్నాననుకోకు.

మార్చి ముప్పై ఒకటి దాటితే బడుల వాళ్లు ఆగరు. అరవై కడ్డీలు కత్తుల్లేకుండా గోడకు ఆనించి ఉన్నాయి. పాలిష్ చేసేవాణ్ణి ఇంటికి పంపేశాను, చేయడానికి పని లేక. వెళ్తూ 'మళ్లీ ఎప్పుడు రమ్మంటారు' అని అడిగాడు. మీ చిన్నయ్యగారిని అడుగు అన్నాను.

అన్నయ్య


ఫిబ్రవరి 19

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఆఫీసు సంగతులు ఇంటి ఉత్తరాల్లో రాయకూడదన్నది మాకు నియమం. అయినా మీరు అడిగారు కాబట్టి రాయగలిగినంత రాస్తాను.

మొదటి వడపోత యంత్రానిది. అది కాగితం మీద 'కత్తులు' అన్న మాటను పట్టుకుంది. ఆ మాట ఉన్న సరుకు ఆగిపోవడం కొత్త నియమం. ఇలా అవుతుందనే నేను ముందుగా చెప్పాను. మీరు నా సలహాను కార్ఖానాలో చదివి నవ్వుకున్నారు.

ఇప్పుడు చేయవలసింది ఇది. త్రాసు బొమ్మ గీయించి, కత్తి ఎక్కడ కూర్చుంటుందో గుర్తు పెట్టి, ఒక పాత కత్తిని జతచేసి, పై అధికారికి అర్జీ పంపండి. సాధారణంగా ఆరు వారాలు పడుతుంది. త్వరగా చూడమని నేను అడగలేను. మనిద్దరి చుట్టరికం ఇక్కడ అందరికీ తెలుసు.

పనిముట్లు వేరే చోట పెట్టి వెళతానన్నారు. అవి మామయ్యగారు ఉన్నప్పుడు ఉన్న చోట పెట్టేవాణ్ణి. మీరు మార్చారు.

అత్తయ్యగారికి, వదినకు నమస్కారాలు.

తమ్ముడు


ఫిబ్రవరి 27

చిరంజీవి తమ్ముడికి,

నన్ను క్షమించు. ఈ రెండు మాటలు రాయడానికి అరగంట పట్టింది. రాశాక బాగానే ఉంది.

నీ ఉత్తరం అత్తగారికి వినిపించాల్సి వచ్చింది. నేను నీకు రాసింది కూడా వినిపించమన్నారు. రెండూ మొత్తం విన్నారు. తర్వాత, "కుళ్లు నీకు, వాడిమీద తోస్తావా? వాడు అలాంటివాడు కాడు" అన్నారు. ఆవిడ అన్నది నిజం. నువ్వు ఇంటికి వస్తున్నావంటే ఆవిడ నాలుగు రోజుల ముందే జుట్టు నున్నగా దువ్వుకుని కూర్చుంటారు. నేను రోజూ అదే గుమ్మంలోంచి వస్తాను. ఆ కుళ్లు నాకు అన్నం అరగనివ్వదు. దాన్ని నీలో చూశాను.

అందుకని అసలు దొంగను పట్టుకున్నాను. పత్రికకు రాశాను. నిన్నటి సంచికలో పాఠకుల పేజీలో పై వరసలోనే వేశారు. కత్తిరించి పంపుతున్నాను. కొంత ఇక్కడే రాస్తాను, ఎందుకంటే నాకు బాగా నచ్చింది.

"అయ్యా, నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా త్రాసులు చేస్తున్నాను. ఒక వస్తువు బరువు తేల్చాలంటే దాన్ని పళ్లెంలో పెట్టాలి. పేరు రాసిన చీటీ పెడితే చీటీ బరువే తెలుస్తుంది. మన సుంకాల ఆఫీసులో కొత్త యంత్రం చీటీలు తూస్తోంది. రేపు ఎవరైనా కుర్చీ కాళ్లు తెప్పించుకుంటే శవాల వ్యాపారమని కేసు పెడుతుంది. సూది కన్ను తెప్పించుకుంటే కళ్ల ఆసుపత్రికి పంపుతుంది. దీన్ని కొన్నవారెవరు, నమ్మినవారెవరు, నడిపేవారెవరు? వారిని అడగాలి."

కుర్చీ కాళ్ల దగ్గర మీ వదిన కూడా నవ్వింది. అత్తగారు పత్రిక తీసుకుని మొత్తం చదివారు. దిండు కింద పెట్టుకుంటారేమో అని చూశాను. మడిచి నాకే ఇచ్చేశారు. పర్వాలేదు.

అర్జీ పంపాను. బొమ్మ నేనే గీశాను.

నీ మీద అనుమానపడ్డ
మూర్ఖపు అన్నయ్య


మార్చి 8

తమ్ముడూ,

తొమ్మిది రోజులైంది, జవాబు లేదు. కోపం వచ్చిందని అర్థమైంది. నీ స్థానంలో నేనుంటే నేనూ రాయను. కాకపోతే అత్తగారు రోజూ పోస్టు వేళకు గుమ్మంలో నిలబడి, ఏమీ రాకపోతే నా వైపు చూసి లోపలికి పోతున్నారు. ఆ చూపు భరించడం కష్టంగా ఉంది.

ఒక సంతోషమైన వార్త. నా ఉత్తరం పనిచేసింది! పత్రిక వాళ్లు మీ ఆఫీసుకు ఎవరినో పంపారట. యంత్రం తప్పు చేసిందా అని పైవాళ్లు విచారిస్తున్నారని, దాన్ని చూసుకునే ఆవిడను సంజాయిషీ అడిగారని ఈ రోజు వేశారు. కంప్యూటర్ చదువులు చదివితే సరిపోదు, త్రాసు ఎలా ఊగుతుందో కూడా తెలియాలి అని ఆవిడకు ఇప్పుడైనా తెలిసొస్తుంది. నువ్వు కూడా ఆ యంత్రాన్ని అనుమానంగానే చూస్తున్నానని రాశావు కదా, మొత్తానికి మనిద్దరం ఒక్క విషయంలో కలిశాం.

ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. కత్తులు ఈ వారం వదిలితే రోజుకు నాలుగు త్రాసుల లెక్కన తోసేస్తాను.

ఒక్క ముక్క రాయి. తిడుతూ రాసినా సరే.

అన్నయ్య


మార్చి 14

అన్నయ్యా,

మీ కత్తులు నిన్న విడుదలయ్యాయి. లారీలో వేశారు, నాలుగు రోజుల్లో చేరతాయి. ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే బాగుండును.

ఆ సంతకం నాదే.

యంత్రం తప్పు చేయలేదు. కాగితం మీద 'కత్తులు' అని ఉందని సరుకును పక్కన పెట్టిన మాట నిజమే. కాని ఫొటో చూసి, బరువు చూసి, పంపినవాడు త్రాసు సామాను చేసేవాడని చూసి, తెర మీద ఇలా రాసింది: "పిడి లేదు. త్రాసు భాగం అయ్యే అవకాశం ఎక్కువ. అధికారి వస్తువును చూసి ఖరారు చేయాలి." కింద రెండు గళ్లు. ఒకటి కత్తి, ఇంకొకటి త్రాసు భాగం. ఆ రోజు అధికారిని నేను.

పెట్టె తెరిచాను. నూనె కాగితంలో వరసలు వరసలుగా ఉన్నాయి. ఒకటి తీసి, మామయ్యగారు నేర్పినట్టు బొటనవేలి గోటి మీద ఆనించాను. జారలేదు, పట్టుకుంది. మంచి కత్తి. ఇరవై నాలుగేళ్ల తర్వాత ముట్టుకున్నాను, చెయ్యి మర్చిపోలేదు. మీ జనవరి ఉత్తరం ఆ ఉదయమే వచ్చింది, జేబులోనే ఉంది. 'మర్చిపోయేవాడివి వెళ్లిపోవడమే మంచిదైంది' అని రాశారు. 'పనిముట్ల పెట్టెను మనిషిని చూసే అప్పగించారు' అని రాశారు. కత్తిని కాగితంలో చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టి, 'కత్తి' అన్న గడి నొక్కాను. తెలిసే నొక్కాను. నొక్కాక హాయిగా అనిపించింది. ఆ హాయి మధ్యాహ్నం దాకా ఉంది.

ఆ తర్వాత ఎన్నోసార్లు సరిదిద్దాలనుకున్నాను. ఈలోగా మీరు అనుమానించారు. నిజమే అయినా, అనుమానించినందుకు రోషం వచ్చింది. అబద్ధం రాశాను. తర్వాత మీరు క్షమించమన్నారు. ఆ ఉత్తరం చదవడం కంటే తిట్లు తినడం నయం.

మొన్న ఇంజనీరమ్మ తన సంజాయిషీ నాకు చూపించి, భాష సరిదిద్దమని అడిగింది. "యంత్రం పొరపాటుకు నేను బాధ్యురాలినని అంగీకరిస్తున్నాను" అని మొదలుపెట్టింది. ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. యంత్రం ఏం రాసిందో చూసుకోకుండానే తప్పు తనదని ఒప్పేసుకుంటోంది, పత్రికలో పడింది కాబట్టి. ఆ కాగితం చించేసి, నాది రాసి ఇచ్చాను. విచారణ ఉంటుంది. ఈ కిటికీ అయితే పోతుంది, ఉద్యోగం సంగతి తెలియదు. మీ మరదలికి నిన్ననే చెప్పాను. పక్కింటికి వెళ్లి కూర్చుంది.

యంత్రాల మీద, మంత్రుల మీద మనిద్దరం ఇన్నాళ్లు అన్ని అనుమానాలు పడ్డాం. నన్ను ఎవరూ అనుమానించలేదు. మీరొక్కరే అనుమానించారు, మీరు కూడా వెనక్కి తీసుకున్నారు.

నాకెందుకింత కుళ్లు అని ఈ నాలుగు రోజులూ ఆలోచించాను. కార్ఖానా కోసం కాదు. పనిపెట్టె కోసం కూడా కాదు. నేను ఈ ఉద్యోగానికి బయలుదేరిన రోజు మామయ్యగారు బల్ల దగ్గర్నుంచి లేవలేదు. తలొంచుకుని పని చేసుకుంటూ 'వెళ్లిరా' అన్నారు. ఉండు అని ఒక్కసారి అంటే ఉండిపోయేవాణ్ణి. రెండేళ్లు ఆయన చేతి కింద చేశాను, ఆ ఒక్క మాటకు కూడా నేను తూగలేదు. మీరు తూగారు. ఇన్నేళ్లూ మిమ్మల్ని చూస్తే నాకు గుర్తొచ్చేది అదే.

ఈ ఉత్తరం అత్తయ్యగారికి చదివి వినిపించండి. ఆవిడకు నా గురించి తెలియాలి.

తమ్ముడు


మార్చి 23

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. అత్తగారికి వినిపించలేదు. ఏం రాశాడని అడిగితే పనిలో ఉన్నాడట అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

కత్తులు చేరాయి. రెండు వందలూ ఉన్నాయి. గడువులోగా ముప్పై రెండు త్రాసులు ఇవ్వగలను. మిగతా ఇరవై ఎనిమిదికి బదులు ఎలక్ట్రానిక్‌వి కొనుక్కుంటామని బడుల వాళ్లు రాసి పంపారు. పాలిష్ చేసేవాడు గ్యారేజీలో చేరిపోయాడు, రానన్నాడు. నువ్వు ఒక గడి నొక్కితే ఇక్కడ ఇంత జరిగింది. కార్ఖానా మాత్రం మూతపడదు, ఈ ఏడాదికి. ఇంజనీరమ్మకు నా క్షమాపణ చెప్పు. పత్రికకు కూడా రాస్తున్నాను, ఈసారి పాఠకులు నవ్వుకునేవి ఏమీ లేకుండా.

నీకు రెండు పేజీలు తిట్లు రాశాను. మంచి తిట్లు. పోస్టు చేసేముందు నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. 'ఉండు అని ఒక్కసారి అంటే' అన్న చోట కూర్చుండిపోయాను. ఆ రెండు పేజీలూ చించేశాను. అలా తిట్టే అర్హత నాకు లేదు.

నువ్వు ఇంట్లోంచి వెళ్లిన పది నిమిషాలకు మామయ్యగారు బల్ల దగ్గర్నుంచి లేచారు. నన్ను పెరట్లోకి పిలిచారు. ఆయన ఎవరినీ ఏదీ అడగలేని మనిషి, నీకు తెలుసు. ఆ రోజు అడిగారు. నా సైకిలు తీసుకుని బస్టాండుకు వెళ్లమన్నారు, నీకొక మాట చెప్పమన్నారు.

నేను బస్టాండు చేరేసరికి బస్సు కదలడానికి ఇంకా పావుగంట ఉంది. నువ్వు కిటికీ పక్కన కూర్చుని ఉన్నావు. నన్ను చూసి నీ మొహం వెలిగింది. నేను డజను అరటిపళ్లు కొని కిటికీలోంచి ఇచ్చి, జాగ్రత్తగా వెళ్లు అన్నాను. ఎండ గురించి మాట్లాడాను. బస్సు ఎన్నింటికి చేరుతుందని అడిగాను. పావుగంటసేపు ఆ మాట నా నోట్లోనే ఉంది. బస్సు వెళ్లిపోయింది. ఇంటికొచ్చి, 'అడిగాను, ఉండనన్నాడు' అని ఆయనతో చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ రోజు భోజనానికి లేవలేదు. నీ గురించి మళ్లీ నా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను మూడుసార్లు తీసి పెట్టి కూర్చోబెట్టే కత్తిని నువ్వు ఒక్కసారికే కూర్చోబెట్టేవాడివి. అది ఆయన చూశారు. ఆయన చూడటం నేను చూశాను. నువ్వు ఆరు వారాల్లో నోరు విప్పావు. నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది, అది కూడా నువ్వు ముందు విప్పావు కాబట్టి.

ఈ ఉత్తరం, నీ ఉత్తరం రెండూ ఈ సాయంత్రం అత్తగారికి చదివి వినిపిస్తాను. ముందు నాది చదువుతాను.

ఆయన చెప్పమన్నది ఇది. ఒక్క అక్షరం మార్చడం లేదు.

"చిన్నవాణ్ణి బస్సు దిగి వచ్చెయ్యమను. ఆ ఉద్యోగం వద్దను. కార్ఖానా వాడికే ఇస్తానని చెప్పు."

అన్నయ్య